కోడలి చేతిలో పుల్ల, అత్తగారి చేతిలో గరిటె

కౌన్సెలర్ అని రాసిన చెక్కను బల్ల మీద పెట్టుకుని కొత్తగా కూర్చున్న అమ్మాయిలకు ముందే ఒక మాట చెబుతాను. మనకు మాట్లాడటానికి జీతం ఇస్తున్నామని చెబుతారు. నమ్మకండి. నోరు మూసుకుని కూర్చోవడానికే ఇస్తారు. ఉద్యోగం మొత్తంలో నేను ఆ పని నిజంగా చెమటోడ్చి చేసింది ఒక్కరోజే. ఆ రోజు సంగతే ఇది.

మాది ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు అడ్డదారిన వెళ్తే తగిలే చిన్న ట్రస్టు దవాఖాన. కింద మందుల షాపు, పైన మేము, మా నెత్తి మీద ఒక లాయరు గారి ఆఫీసు. కోర్టు పని ఉన్నవాళ్లు మెట్ల దగ్గర తికమకపడి మా దగ్గరికి, మా దగ్గరికి రావలసినవాళ్లు ఆయన దగ్గరికి వెళ్లిపోతుండేవారు. విడాకుల కాగితాల కోసం వచ్చి, మా గదిలో అరగంట కూర్చుని, నిరోధ్ పొట్లంతో దిగిపోయిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆ కాపురం నిలబడిందని తర్వాత విన్నాను. లాయరు గారు మాత్రం చాలాకాలం నాతో మాట్లాడలేదు.

ఉన్నది ముగ్గురం. డాక్టరమ్మ చిన్నది, చురుకైనది, ముక్కుసూటి మనిషి. ఆయమ్మ తలుపు దగ్గర స్టూలేసుకుని కూర్చునేది. ఆవిడ దాటనిస్తే తప్ప దేవుడైనా లోపలికి రాలేడు. మూడో మనిషిని నేను. నా సొరుగులో స్వామి పటం, పక్కన అగరుబత్తి పెట్టె, ఆ పక్కనే కండోములు ఉండేవి. మొదట్లో స్వామికి ఎదురుగా అవి ఉండటం నాకు ఇబ్బందిగా ఉండేది. తర్వాత ఆయనకే అలవాటైపోయింది.

నా ఉద్యోగం చివరి రోజుల్లో మా దగ్గరికి ఒక కొత్త సాధనం వచ్చింది. చేతి లోపలి వైపు, మోచేతికి పైన, చర్మం కింద పెట్టే చిన్న పుల్ల. అందులోంచి మందు మెల్లమెల్లగా ఒంట్లోకి దిగుతుంది. మూడేళ్ల పాటు కడుపు రాదు. వద్దనుకున్న రోజు తీయించుకోవచ్చు. పొడవెంతో చూపించడానికి నేను కాలిపోగా మిగిలిన అగరుబత్తి పుల్లను విరిచి చూపించేదాన్ని. "గింతేనా? గీ పుల్లకు మా ఆయన ఆగుతడా?" అని ఒకావిడ అడిగింది. "ఆయన ఆగక్కర్లేదమ్మా, అదే ఈ పుల్ల గొప్పతనం" అన్నాను. ఆయమ్మ నవ్వి నవ్వి స్టూలు మీంచి పడబోయింది.

అలా పుల్ల పెట్టించుకున్న వాళ్లలో ఒక కోడలుంది. అత్తవారిది స్టేషను వెనక పాత ఇల్లు. తాతల నాటి హైదరాబాదు కుటుంబం, ఆబిడ్స్‌లో స్టీలు సామాన్ల దుకాణం. మామగారు, భర్త, పెళ్లికాని మరిది, ఇద్దరు పసిపిల్లలు, అందరి పైన అత్తమ్మ. రెండో కాన్పులో ఈ పిల్లకు రక్తం విపరీతంగా పోయి, చావు తప్పి బయటపడింది. వెంటనే ఇంకో కడుపు వస్తే ఒళ్లు తట్టుకోలేదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. గోళీలు మింగడం ఆ పిల్లకు గుర్తుండదు. ఆపరేషనంటే భయం. కనుక పుల్ల.

పెట్టే ముందు అన్నీ అడిగాను. క్షయకు గానీ ఫిట్స్‌కు గానీ మందులు వాడుతున్నావా, ఎందుకంటే వాటిలో కొన్ని ఈ పుల్ల పనిని దెబ్బతీస్తాయి. కామెర్లు, రొమ్ములో గడ్డ లాంటివి ఏమైనా ఉన్నాయా? ఏమీ లేవంది. పెట్టాక తన వేలితోనే నొక్కించి, ఉన్నచోటు తెలుస్తోందా అని చూపించాను. ఎప్పుడైనా తగలకపోతే వెంటనే రమ్మన్నాను. అన్నిటికంటే ముఖ్యమైనది ఆఖర్న చెప్పాను. "నెలసరి ఇక నీ మాట వినదు. కొందరికి చుక్కలు చుక్కలుగా కనపడుతూనే ఉంటుంది. కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. రెండూ ఈ మందు గుణమే. మరీ ఎక్కువగా పోతే మాత్రం ఆలస్యం చేయకు."

ఇంత చెప్పినదాన్ని ఒక్క విషయం అడగలేదు. అది మా పుస్తకాల్లో లేదు. వాళ్లింట్లో దూరం కూర్చునే పద్ధతి ఎంత గట్టిదో అడగలేదు.

చాలా గట్టిది. నెలసరి వస్తే మెట్ల కింది అర్రలో చాప, వేరే పళ్లెం, వేరే చెంబు. మూడు రోజులు వంటిల్లు లేదు, దేవుడి గది లేదు. నాలుగో రోజు తలస్నానం చేసి లోపలికి రావాలి. ఆ మూడు రోజులూ గరిటె అత్తమ్మ చేతిలోకి వెళ్తుంది. ఇదంతా నెలకోసారి లెక్కగా వచ్చేదానికి ఏర్పాటు చేసుకున్న పద్ధతి. పుల్ల ఈ పద్ధతి ఎరగదు. నాలుగో రోజు తలస్నానం చేసి, దీపం పెట్టి, పోపు వేస్తుంటే చుక్క కనపడేది. మళ్లీ మొదటి నుంచి మూడు రోజులు. ఇలా ఆ పిల్ల చాప మీదే కాపురం ఉండిపోయింది. అత్తమ్మ పొయ్యి దగ్గర ఉండిపోయింది.

ఒకరోజు పొద్దున్నే ఇద్దరూ మెట్లెక్కి వచ్చారు. అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని, మెట్టు మెట్టుకూ పుల్లను తిడుతూ వచ్చింది.

"ఏం పుల్ల వెట్టిన్రే తల్లీ! నా కోడలు నెలంత చాప మీదనే ఉండబట్టె. ఆరుగురికి నేనొక్కదాన్ని వండి సావబట్టిన. తీసెయ్యిండ్రి!"

"లోపలికి ఒక్కరే పోవాలె" అంది ఆయమ్మ, కాలు అడ్డం పెట్టి.

"నేను అత్తను!"

"నువ్వు గవర్నర్‌వైనా గంతే. చెయ్యి ఎవలిదో వాళ్లే పోవాలె."

మా పద్ధతి ఇదే. వచ్చిన మనిషితో ముందు నేను ఒంటరిగా మాట్లాడాలి. తలుపు వేశాను. కోడలు కుర్చీలో కూర్చుంది. ముఖం తేటగా, కళ్ల కింద నలుపు పోయి, ఒళ్లు కాస్త పుంజుకుని కనపడింది. నెలల తరబడి రక్తం పోతున్న మనిషిలా లేదు.

"బాగా నీరసంగా ఉందా అమ్మా?"

తల దించుకుంది. చున్నీ కొసతో మూతి మూసుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"మేడమ్, ఎవ్వలికి చెప్పనంటే ఒకటి చెప్త. అది ఆగిపోయింది. ఆగి శానా దినాలైంది."

"మరి దూరం కూర్చుంటున్నావు?"

"నిద్ర మేడమ్" అంది. ఆ మాట అన్నప్పుడు ఆ పిల్ల ముఖంలో కనిపించిన ఆనందం నేను పెళ్లి పందిట్లో కూడా చూడలేదు. "పెండ్లైన సంది గిట్ల పండుకున్నది లేదు. పొద్దుగాల ఎవ్వలు లేపరు. చాయ వెట్టుమనరు. చిన్నదాన్ని జోకొడుతూ నేను గూడ పండుకుంట. ఫోన్ల సినిమాలు జూస్త. మొదట నిజంగనే ఉండె మేడమ్. ఆగినంక చెప్పాల్నంటే... ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకుంట గీడిదాంక వచ్చింది."

"మరి అత్తమ్మ ఊరుకున్నారా?"

"మందుల దుకాణంల పండుగలకు ఆపే గోళీలు అమ్ముతరు గదా, గవి దెచ్చి ఇచ్చింది. నేను మింగలే. తులసి కుండీల వెట్టి మన్ను గప్పిన."

చెంపలు వేసుకోవాలో నవ్వాలో తెలియలేదు. ఆ తులసమ్మకు ఈపాటికి ఏం ఆగిపోయి ఉంటుందో! నవ్వు మింగి, గట్టిగానే చెప్పాను. పుల్ల ఉండగా దాని మీద ఇంకో మందు, ఎవరు తెచ్చిచ్చినా, డాక్టరమ్మను అడగకుండా వేసుకోకూడదు. మింగకపోవడం మంచిదే అయింది. కుండీ సంగతి వేరు.

"పుల్ల తీయమంటున్నారు కదా. నీకు తీయించుకోవాలని ఉందా?"

ముఖం వాడిపోయింది. "లేదు మేడమ్. మల్ల కడుపైతదంటేనే కాళ్లు వణుకుతయి. కాని ఇన్ని దినాలు అబద్ధమాడిన్నని తెలిస్తే ఇల్లంత నా మీదికొస్తది. మీరు చెప్పకుండ్రి, దండం వెడ్త."

చెప్పనన్నాను. నేను బడికి వెళ్లిన మనిషిని కాను. చిన్నప్పుడు జబ్బు చేసి ఇంటిపట్టునే ఉండిపోతే, అమ్మే చదువు చెప్పింది. ఆవిడకు తీరిక దొరికేది నెలకు ఆ మూడు రోజులే. వరండా చివర చాప మీద కూర్చుని, నన్ను అంటకుండా, దూరం నుంచే ఎక్కాలు ఒప్పజెప్పించుకునేది, పద్యాలు పాడించేది. నాలుగో రోజు తలస్నానంతో మా బడి మూసేసేవారు. నాకొచ్చిన నాలుగు ముక్కలూ ఆ చాప పెట్టిన భిక్షే. అలాంటిదాన్ని, చాప మీద కూర్చున్న పిల్లను ఏమని తిట్టను?

గది బయటికి వచ్చానో లేదో అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుని, నీళ్ల కుండ దగ్గరికి ఈడ్చుకుపోయింది.

"చెల్లె, ఒక్క మాట. దానికి ఆగిపోయింది."

నేను గ్లాసు ముంచి నీళ్లు తాగడం మొదలుపెట్టాను.

"నాకు ఎరుకే. దండెం మీద ఏం ఆరేస్తుందో, ఏం ఆరేస్తలేదో నేను జూస్తలేనా? నేను ఆడిదాన్ని గానా?"

"మరి అడగకపోయారా అక్కా?"

"అడిగితే ఇంక ఉన్నదంటది. అన్నంక నేనేం జెయ్యాలె, లంగ ఎత్తి జూడాల్నా? అందుకే ఈడికి గుంజుకొచ్చిన. కత్తి జూస్తే భయపడి అదే ఒప్పుకుంటది. మీరు జర తీస్తున్నట్టు చెయ్యిండ్రి. నాకు ఎరుకన్న సంగతి మాత్రం దానికి చెప్పకు. ఇన్ని దినాలు తెల్సి తెల్సి వండిపెట్టిన్నని తెలిస్తే నా పెద్దరికం ఏం గావాలె?"

"చెప్పనక్కా. కానీ ఇక్కడ తీస్తున్నట్టు నటించడం ఉండదు. తీస్తే తీసినట్టే."

"సరే తియ్. అంతకు ముందే అది ఒప్పుకుంటది" అని చేతులు కట్టుకుంది.

ఇప్పుడు నా అవస్థ చూడండి. ఇద్దరి గుట్టూ నా దగ్గరే ఉంది. ఇద్దరిదీ ఒకటే గుట్టు. ఇద్దరికీ చెప్పనని మాటిచ్చాను. ఒక్క ముక్క బయటపెడితే ఇద్దరూ నవ్వుకుని ఇంటికి వెళ్లిపోతారు, నేను మాట తప్పినదాన్నవుతాను. ఈ రోజు ఒకరి గుట్టు విప్పిన గదికి రేపు ఏ ఆడది వచ్చి నోరు విప్పుతుంది? నోరు మూసుకుంటే ఉత్తి పుణ్యానికి పుల్ల పోతుంది. పుల్ల పోతే ఆ పిల్ల ప్రాణం మీదికి వస్తుంది. సొరుగు లాగి స్వామి వైపు చూశాను. ఆయన ఎప్పటిలాగే చిరునవ్వుతో కండోముల పక్కన కూర్చుని ఉన్నాడు.

డాక్టరమ్మ కోడల్ని లోపలికి పిలిచింది. "బ్లీడింగ్ ఆగడానికి మందులున్నాయి. కొన్ని రోజులు వాడి చూద్దామా?"

కోడలు నా వైపు బెదురుగా చూసింది. "వద్దు మేడమ్. మందులొద్దు."

"మరి ఏం చేద్దాం? తీసేయమంటావా? ఉంచుకోవడం, తీయించుకోవడం నీ ఇష్టం. కారణం కూడా నేను అడగను."

"తీసెయ్యిండ్రి!" అని తలుపు బయటి నుంచి గొంతు వినపడింది.

కోడలి దవడ బిగుసుకుంది. ఆ బిగువు నాకు తెలుసు. మా దవాఖానలో సగం తప్పు నిర్ణయాలు ఆ బిగువులోంచే పుట్టేవి.

"తియ్యిండ్రి మేడమ్" అంది.

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి లేచింది. కోడలు బల్ల మీద పడుకుంది. మందు నీళ్లతో చెయ్యంతా పసుపు రంగయింది. తలుపు సందులోంచి చూస్తే బయట ఆయమ్మ కాలు అడ్డం, ఆ కాలికి అవతల అత్తమ్మ మెడ. కోడలు ఒప్పుకుంటుందని అత్తమ్మ, అత్తమ్మ ఆపుతుందని కోడలు ఎదురుచూస్తున్నారు.

నాకు మిగిలింది ఒకటే. తీసే ముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. అవి అడగడం నా పని. ఎప్పుడూ తలుపు వేసి అడుగుతాను. వంగి, మెల్లగా అడిగాను. "నువ్వు చెప్పినవేవీ ఎత్తను. తీశాక ఎలా అన్నదే అడుగుతాను. తలుపు తెరిచి ఉంచి అడగనా?"

కోడలు ఒక క్షణం నా కళ్లలోకి చూసింది. తల ఊపింది.

తలుపు బార్లా తెరిచాను. గొంతు పెంచాను. "ఇప్పుడు మూడో బిడ్డ కావాలా అమ్మా?"

"వద్దు."

"పుల్ల తీశాక దాని కాపలా ఉండదు. ఆ నెలలోనే కడుపు నిలవచ్చు. ఈ రోజు నుంచే వేరే ఏదైనా వాడాలి. ఏం వాడతావు?"

"ఏం లేదు."

"మీ ఆయన ఏమైనా..."

"ఆయనా!" అంది. ఆ ఒక్క మాటతో ఆయన సంగతి తేలిపోయింది.

"పోయిన కాన్పులో ఇబ్బంది ఏమైనా అయిందా?"

ఆ పిల్ల ముఖం గోడ వైపు తిప్పుకుంది. డాక్టరమ్మ చేతికి తొడుగులు వేసుకుని, తిమ్మిరి సూది తీసుకుంది. జవాబు తలుపు దగ్గర నుంచి వచ్చింది.

"రక్తం వోయింది. బెడ్డు దిగి కిందికి కారింది. సీసాల మీద సీసాలు ఎక్కించిన్రు. దాని కాళ్లు మంచుగడ్డలయినయి. నేనే పట్టుకొని రుద్దుకుంట కూసున్న."

తర్వాత ఆ గొంతే, ఇంకోలా: "ఆగుండ్రి! డాక్టరమ్మా, ఆగుండ్రి!"

ఆయమ్మ కాలు తీసిందో, అత్తమ్మే దూకిందో ఇప్పటికీ తేలలేదు. ఆ మోకాళ్లతో ఆవిడ దూకిందంటే నేను నమ్మను. లోపలికి వచ్చి, కోడలి చేతికీ సూదికీ మధ్య తన పొట్ట అడ్డం పెట్టి నిలబడింది.

"వంట నేనే జేస్త. సచ్చేదాంక నేనే జేస్త. పుల్లను ముట్టకుండ్రి."

కోడలు లేచి కూర్చుంది. భోరుమంది. "అత్తమ్మా, నాకు ఆగిపోయింది. ఎప్పుడో ఆగిపోయింది."

"ఎరుకే పో!"

"ఎరుకనా?" కోడలి ఏడుపు ఠక్కున ఆగింది. "ఎరుకుండి కత్తి దాంక తెచ్చినవా?"

"నువ్వు అబద్ధమాడి తెచ్చినవ్, నేను నిజం ఎరుకై తెచ్చిన. నాదే నయం!"

"ఎరుకుంటే ఇన్ని దినాలు ఎందుకు వండినవ్ మరి?"

అత్తమ్మ స్టూలు కోసం చూసింది, లేదు. బల్ల అంచునే కోడలి పక్కన చతికిలబడింది.

"ఎందుకంటే నేను గూడ పండుకున్న గనక. నా కాలంల మూడు దినాలను అయిదు చేసుకున్న. మా అత్తకు ఎరుకే కావొచ్చు, ఏమనలే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీకు సెలవిస్తే నాకేం బాధ లేదు బిడ్డా. నాకు ఆగిపోయి ఎన్నేండ్లాయెనో! ఆగిన్నాటి సంది ఒక్కపూట పొయ్యి కాడికెళ్లి లేచింది లేదు. నీ సెలవు నేనిస్తున్న. నా సెలవు ఎవ్వలియ్యాలె?"

డాక్టరమ్మ తొడుగులు వేసిన చేతులు గాల్లో అలాగే పెట్టుకుని, కళ్లార్పకుండా చూస్తోంది. ఇవి ఆమె చదివిన ఏ పాఠంలోనూ వచ్చి ఉండవు.

ఆఖరికి ఆయమ్మే అంది. "బయట లైన్ల మంది ఉన్నరు. కొట్లాట అయిపోతే జర బల్ల ఖాళీ చెయ్యిండ్రి."

పుల్ల ఉన్నచోటే ఉండిపోయింది. కోడలు చేతి మీది పసుపు రంగు తుడుచుకుంటుండగా అత్తమ్మ నన్ను పట్టుకుంది. "చెల్లె, నువ్వు రోజు పూజ జేసేదానివంట. చెప్పు. పుల్లతోని కనవడ్డ చుక్క ముట్టయినట్టా, కానట్టా?"

పీఠాధిపతులను అడగవలసిన ప్రశ్న కుటుంబ నియంత్రణ గదిలో నా మీద పడింది. "అది మందు గుణం అక్కా. నేనైతే స్నానం చేసి దీపం పెట్టేస్తాను. పెట్టానని స్వామి ఇంతవరకూ నన్నేమీ అనలేదు" అన్నాను.

"నువ్వు ఆంధ్రదానివి, మీ దేవుడు నెమ్మదస్తుడు. మా తల్లికి కోపమెక్కువ" అని గొణిగిందిగానీ, మెట్లు దిగేటప్పుడు కోడలి భుజం మీదే చెయ్యి వేసింది. అదీ పుల్ల లేని వైపు భుజమే. అంత గొడవలోనూ ఆ జాగ్రత్త మాత్రం మరవలేదు.

కొంతకాలానికి కోడలు పరీక్షకు ఒంటరిగా వచ్చింది. నేను పదవీ విరమణకు దగ్గరపడి, సొరుగు ఖాళీ చేసుకుంటున్నాను.

"అత్తమ్మ రాలేదా?"

"రాలే మేడమ్. దూరం కూసున్నది."

ఆ వయసులో, ఏళ్ల కిందట ఆగిపోయిన మనిషికి మళ్లీ రక్తం కనపడిందంటే అది నవ్వులాట కాదు. ఒక్కరోజు కూడా ఆగకుండా పరీక్ష చేయించాలి. కుర్చీలోంచి లేచి, "డాక్టరమ్మా!" అని కేక పెట్టబోయాను. కోడలు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అయ్యో, ఏం లేదు మేడమ్. ఊకెనే కూసున్నది."

"ఊరికేనా?"

"నెలకు మూడు దినాలు ఆమె, మూడు దినాలు నేను. ఇద్దరం మాట్లాడుకున్నం. ఆమె కూసున్నప్పుడు నేను వండుత, నేను కూసున్నప్పుడు ఆమె."

"మరి మీ మామగారు?"

"ఏమంటడు మేడమ్, అడగనీకి సిగ్గు. ఒకనాడు మా ఆయనను దుకాణంల పక్కకు పిలిచి మెల్లగ అడిగిండంట, 'మీ అమ్మకు అది ఇంక ఉన్నదారా?' అని. 'నాకేం ఎరుక నాయనా, నువ్వే అడుగు' అన్నడంట మా ఆయన. ఇద్దరు మల్ల గిన్నెలు అమ్ముకుంట కూసున్నరంట."

నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది. అయినా ఒక మాట గట్టిగా చెప్పాను. అత్తమ్మకు నిజంగా ఎప్పుడైనా చుక్క కనపడితే ఆ రోజే తీసుకురావాలి, అందులో వేళాకోళం లేదు. అలాగేనంది. తర్వాత ఆ పిల్ల చెయ్యి నొక్కి చూశాను. వేలి కింద పుల్ల చక్కగా, కదలకుండా తగిలింది.

"ఉంది" అన్నాను. "అంతా బాగుంది. మీ అత్తమ్మను అడిగానని చెప్పు."

"ఇంటికి పోంగనే చెప్త మేడమ్."

"వద్దు. ఆవిడ మూడు రోజులూ అయ్యాక చెప్పు. ఇప్పుడు లేపకు."